తోక దగ్గర అయిదక్షరాలు

2025 జూన్ 12 మధ్యాహ్నం అహ్మదాబాద్‌లో పదిహేడేళ్ళ కుర్రాడొకడు మేడ మీద నిలబడి, ఎయిర్‌పోర్టు నుంచి లేస్తున్న విమానాన్ని ఫోన్‌లో వీడియో తీశాడు. విమానాలంటే ఇష్టం, అంతే. ఆ విమానం పైకి పోలేదు. కొన్ని సెకన్లు ముక్కు పైకెత్తి అలాగే తేలి, ఇళ్ళ వెనక్కి దిగిపోయింది. తర్వాత మంట, పొగ. లండన్ వెళ్ళాల్సిన ఎయిర్ ఇండియా 171 అది. లోపల 241 మంది, కింద 19 మంది చనిపోయారు. సాయంత్రానికల్లా ఆ వీడియోని ప్రపంచమంతా చూసింది. ఆ వారంలోనే పోలీసులు కుర్రాణ్ణి పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. అరెస్టు చేశారని పుకారు పుట్టింది. కాదు, సాక్షిగా మాత్రమే పిలిచామని పోలీసులే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ పుకారుని నేను చూసిన మరుక్షణం నమ్మేశాను. నమ్మడానికి కారణం మా బాబాయి.

మా బాబాయి ఇరవై ఎనిమిదేళ్ళపాటు విమానాల నంబర్లు రాసుకున్నాడు. సికింద్రాబాద్‌లో, రసూల్‌పురా పక్కన బాలంరాయిలో మా ఇల్లు. బేగంపేట రన్‌వే తూర్పు కొస అక్కణ్ణుంచి ఎంతో దూరం కాదు. పడమటి గాలి వీచే వానాకాలంలో దిగే విమానాలన్నీ మా నెత్తిమీదుగానే పోయేవి. పాత బోయింగ్ 737-200 వస్తోందంటే వంటింట్లో స్టీలు గ్లాసులు ముందే చెప్పేవి. పిన్ని టీవీ సౌండు పెంచేది, బాబాయి బైనాక్యులర్స్ తీసుకుని మెట్లెక్కేవాడు. పోయాక కిందికొచ్చి, బ్యాంకువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీలో ఒక లైను రాసేవాడు. తారీఖు, టైము, తోక దగ్గర ఉండే అయిదు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఏదో ఒక మాట. "పాత బండి, కొత్త రంగు." "ఎడమ ఇంజను మసి." "మబ్బు, సరిగా కనపడలేదు, ఈజీ-ఏదో." బాబాయికి విమానం ఎప్పుడూ బండే.

అలాంటి డైరీలు పదకొండు ఉన్నాయి. ఇప్పుడవి నా దగ్గరున్నాయి. ఈ వ్యాసం రాయడానికి వాటిని ముందేసుకుని కూర్చున్నాను కానీ, చదవదగ్గ వాక్యం వాటిలో ఒక్కటీ లేదు. అన్నీ అక్షరాలు, అంకెలే.

చిన్నప్పుడు ఇది మా ఇంటి పిచ్చే అనుకునేదాన్ని. డిగ్రీకి వచ్చాక తెలిసింది, దీనికి ప్లేన్ స్పాటింగ్ అని పేరుందని, ఊరూరా ఇలాంటి బాబాయిలు ఉన్నారని. ఇంకా తర్వాత తెలిసింది, ఈ తీరిక పని యుద్ధంలో పుట్టిందని.

బ్రిటన్‌లో 1925లో అబ్జర్వర్ కోర్ అని పెట్టారు. ఆకాశం చూడటమే వాళ్ళ పని. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి తీరం వెంబడి రాడార్లున్నాయి గానీ అవి సముద్రం వైపు చూసేవి. శత్రువు తీరం దాటి లోపలికొచ్చాక వాడెటు పోతున్నాడో చెప్పాల్సింది పొలం గట్టు మీద ఫోను పట్టుకుని కూర్చున్న మనిషే. పంతుళ్ళు, కొట్లు నడిపేవాళ్ళు, రైతులు ఆ పని చేశారు. చూడ్డం ఒక్కటే సరిపోదు, ఏది ఎవరిదో పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే ఏమవుతుందో యుద్ధం మొదలైన మూడో రోజునే తేలిపోయింది. 1939 సెప్టెంబర్ 6న బ్రిటిష్ స్పిట్‌ఫైర్లు తమ సొంత హరికేన్లు రెంటిని శత్రువులనుకుని కూల్చేశాయి. ఒక పైలట్ చనిపోయాడు. ఆ తర్వాత విమానాల నల్లటి నీడబొమ్మల పుస్తకాలు, పేకముక్కల్లాంటి కార్డులు వచ్చాయి. 1941 జనవరిలో 'ది ఏరోప్లేన్ స్పాటర్' అని పత్రికే మొదలైంది. ఫ్యాక్టరీల పైకప్పుల మీద కాపలా నిలబడి, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడే కిందివాళ్ళని షెల్టర్లకి పంపేవాళ్ళని కూడా స్పాటర్లనేవారు. ఆ ఏప్రిల్‌లోనే రాజుగారు కోర్‌కి 'రాయల్' అని బిరుదిచ్చారు. యుద్ధం అయిపోయింది, నేర్చుకున్న కళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఆ కుర్రాళ్ళే హీత్రూ కంచెల దగ్గర నోట్‌బుక్కులతో తేలారు.

మనవైపు ఇలాంటి చూపు లేదని కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మా అమ్మమ్మ తరంలో ఆకాశంలో మోత వినపడితే ముందు భయపడేవాళ్ళు, తర్వాతే తలెత్తేవాళ్ళు. ఇక 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం రాజ్యంలోకి దొంగచాటుగా ఆయుధాలు చేరేశాడు. ఆ మోతలు జనం విని ఉంటారు. అప్పుడు ఏ మిద్దె మీదైనా ఒక డైరీ ఉండి ఉంటే మన చరిత్రకారులకి ఎంత పని తప్పేదో అని బాబాయి అంటుండేవాడు. తన పిచ్చికి సమర్థన దొరికితే వదిలే మనిషి కాదు.

ఆ అయిదక్షరాల గురించి ఒక మాట. మన విమానాలన్నిటికీ మొదట వీటీ అని ఉంటుంది. వైస్రాయ్ టెరిటరీ అని దానికి అర్థం చెప్తారు, పార్లమెంటులో కూడా మార్చాలని అడిగారు. బ్రిటిష్ సామ్రాజ్యంలోని చాలా దేశాలకి వీ అనే అక్షరంతోనే పంచారన్నది మాత్రం ఖాయం. ఆస్ట్రేలియా ఇప్పటికీ వీహెచ్. మిగతా మూడక్షరాలే విమానం సొంత పేరు. స్పాటర్లకి విమానం అంటే బోయింగో ఎయిర్‌బస్సో కాదు, ఈ పేరున్న ఒకానొక బండి. కంపెనీ మారినా రంగు మారినా దాన్ని గుర్తుపడతారు. ఊళ్ళో అందరి ఇంటిపేర్లూ తెలిసిన ముసలాయన లాంటివాళ్ళు.

వీళ్ళకి ప్రభుత్వాలతో గొడవ వచ్చేదీ అక్కడే.

2001 నవంబర్‌లో గ్రీస్‌లోని కలమాటాలో వైమానిక స్థావరం దగ్గర పన్నెండుమంది బ్రిటిష్‌వాళ్ళనీ ఇద్దరు డచ్చివాళ్ళనీ పట్టుకున్నారు. ఎయిర్ షో చూడ్డానికొచ్చారు. నోట్‌బుక్కుల నిండా యుద్ధవిమానాల నంబర్లు. న్యూయార్క్ టవర్లు కూలి రెండు నెలలే అయింది. గ్రీకు అధికారులకి అసలు బుర్రకెక్కనిది ఒక్కటే: ఎవరూ జీతమివ్వకుండా, ఎవరికీ అమ్ముకోకుండా, ఇంత ఖర్చుపెట్టుకుని వచ్చి ఈ నంబర్లు ఎందుకు రాసుకుంటారు? ఆ ప్రశ్నకి కోర్టులో నిలబడే జవాబు లేదు. ఇష్టం అంటే సాక్ష్యం కాదుగా. ఆరు వారాల దాకా జైల్లో ఉన్నారు. 2002 ఏప్రిల్‌లో ఎనిమిదిమందికి గూఢచర్యం కింద మూడేళ్ళ శిక్ష, మిగతా ఆరుగురికి సాయపడ్డారని ఏడాది శిక్ష వేశారు. నవంబర్‌లో అప్పీలులో అందర్నీ నిర్దోషులన్నారు. వాళ్ళు రాసుకున్న నంబర్లు అప్పటికే అచ్చయిన పుస్తకాల్లో ఉన్నాయి.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో ఇద్దరు బ్రిటిష్ స్పాటర్లు రన్‌వే వైపు గది కావాలని అడిగారు. వాళ్ళ దగ్గర బైనాక్యులర్స్, కెమెరాలు, పైలట్ల మాటలు వినే రేడియో స్కానర్ ఉన్నాయి. ముంబయి దాడులు జరిగి ఏడాదిన్నర కూడా కాలేదు, పుణె జర్మన్ బేకరీలో బాంబు పేలింది అదే వారంలో. వాళ్ళని పట్టుకోవడంలో తప్పేముంది అని ఎవరైనా అడిగితే నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. చివరికి జరిమానా కట్టి ఏప్రిల్లో ఇంటికి పోయారు.

మన చట్టంలో దీనికి పాత ఏర్పాటే ఉంది. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో పదమూడోది, అనుమతి లేకుండా ఎయిర్‌పోర్టుల్లో ఫోటోలు తీయకూడదంటుంది. విమానమంటే సైన్యం అనుకునే కాలంలో రాసిన రూలు. అది ఎయిర్‌పోర్టు లోపలి సంగతి. మరి మన ఇంటి మేడ సంగతి? ఆ సందులోనే మా బాబాయి ఇరుక్కున్నాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పక్కవీధిలో ఎవరో చెప్పారట, ఆ మేడ మీద ఒకాయన రోజూ దుర్భిణీ పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడని. సాయంత్రం ఒక కానిస్టేబుల్ వచ్చాడు. మంచివాడే, మంచినీళ్ళు తాగాడు. కానీ డైరీలు చూసేసరికి మొహం మారింది. "ఏంది సార్ ఈ కోడ్?" అన్నాడు. బాబాయి చెప్పాడు. "అదైతే తెలిసింది. దేనికి?" అన్నాడు. బాబాయి దగ్గర జవాబు లేదు. నాకది బాగా గుర్తు. ఆఫీసులో ఫైళ్ళకి ఫైళ్ళు నోట్ రాసే మనిషి, నోరు తెరిచి మూసుకున్నాడు. పిన్ని వంటింట్లోంచి "ఆయనకదో పిచ్చి బాబూ" అంది. ఆ మాటే ఆయన్ని కాపాడింది. కానిస్టేబుల్ కెమెరాలో రీలు తీసేసుకుని, మళ్ళీ ఇలా చేయొద్దని చెప్పి పోయాడు. కెమెరా ఆ తర్వాత బీరువాలోంచి బయటికి రాలేదు. డైరీ మాత్రం మర్నాడే మొదలైంది. ఆ రోజు లైను పక్కన ఏమీ రాయలేదు, అక్షరాల కింద గీత ఒకటి గట్టిగా గీశాడు.

దేనికి అన్న ప్రశ్నకి ప్రపంచం ఒకసారి గట్టి జవాబే ఇచ్చింది. అది కలమాటా కేసు నడిచిన ఆ కాలంలోనే. ఖాలెద్ ఎల్-మస్రీ అనే జర్మన్ పౌరుణ్ణి 2003 చివర్లో మాసిడోనియా సరిహద్దులో ఆపారు. ఇంకెవరో అనుకున్నారు. ఇరవై మూడు రోజులు స్కోపియేలో ఒక హోటల్ గదిలో పెట్టి, 2004 జనవరిలో సీఐఏకి అప్పగించారు. కొట్టి, కళ్ళకి గంతలు కట్టి అఫ్గానిస్తాన్ తీసుకుపోయారు. నాలుగు నెలలయ్యాక, పొరపాటు తెలిసి, అల్బేనియాలో ఒక రోడ్డు మీద వదిలేశారు. ఇంటికొచ్చి చెప్తే ఎవరు నమ్ముతారు? అతన్ని తీసుకుపోయింది ఎన్313పి అనే నంబరున్న బోయింగ్ 737. మామూలు ప్రైవేటు కంపెనీ విమానంలా ఉండేది. స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో, సరిగ్గా ఆ రోజుల్లోనే, ఎయిర్‌పోర్టు కంచె దగ్గర ఒక స్పాటర్ దాన్ని ఫోటో తీశాడు. బాగుంది అని తీశాడు, అంతే. పత్రికలవాళ్ళు అలాంటి ఫోటోలని, విమాన రాకపోకల లెక్కలని ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోయారు. రహస్య విమానాల దారి బయటపడింది. 2012 డిసెంబర్‌లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఎల్-మస్రీ చెప్పింది నిజమని తీర్పిచ్చింది.

గూఢచారులన్న అనుమానంతో స్పాటర్లని జైల్లో పెట్టారు, అదే స్పాటర్లు గూఢచారుల గుట్టు బయటపెట్టారు. ఇది కథగా రాస్తే సంపాదకుడు అతికినట్టు లేదని తిప్పి పంపేవాడు.

అయితే స్పాటర్లని మరీ నెత్తికెత్తుకోకూడదు. వీళ్ళు చూసింది రాసుకుంటే బంగారమే, అభిప్రాయాలు చెప్పడం మొదలుపెడితే మాత్రం మనలాంటివాళ్ళే. మా బాబాయి అభిప్రాయాలకి నేనే బలిపశువుని.

ఆయన లోకంలో బళ్ళు రెండు రకాలు, నమ్మదగినవి, నమ్మకూడనివి. బోయింగ్ 737 నమ్మదగినది. కింద నిలబడి చూస్తే దాని కడుపులో రెండు నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. అవి చక్రాలు. లోపలికి మడుచుకున్నాక వాటిని మూసే తలుపు ఉండదు. "చూడవే, దాచుకునేదేమీ లేదు దానికి" అనేవాడు. అది తక్కువ ఎత్తు విమానం, పెద్ద తలుపులు పెట్టడానికి చోటు లేక అలా చేశారని నేను తర్వాత చదువుకున్నాను. బాబాయికి మాత్రం అది శీలానికి గుర్తు. ఎయిర్‌బస్ ఏ320కి కడుపు నున్నగా మూసుకుపోయి ఉంటుంది. అదే దాని మీద ఆయనకున్న మొదటి అనుమానం.

రెండో అనుమానం దేశమంతటికీ ఉండేది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320లు 1989లో వచ్చాయి. పైలట్ ముందు పెద్ద స్టీరింగు ఉండదు, పక్కన చిన్న కర్ర. పైలట్ చెప్పింది కంప్యూటరు విని, కంప్యూటరు రెక్కలకి చెప్తుంది. అంతకుముందే 1988 జూన్‌లో ఫ్రాన్స్‌లో ఒక ప్రదర్శనలో ఆ రకం విమానం చెట్లలోకి పోయి ముగ్గురు చనిపోయారు. 1990 ఫిబ్రవరి 14న, బొంబాయి నుంచి వచ్చిన వీటీ-ఈపీఎన్ బెంగళూరు పాత ఎయిర్‌పోర్టులో రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో నేలని తాకింది. 146 మందిలో 92 మంది పోయారు. వీపీ సింగ్ ప్రభుత్వం ఏ320లన్నిటినీ నేల మీదే ఆపేసింది. ఆ ఏడాదే వాటి కొనుగోలు మీద సీబీఐ కేసు కూడా పెట్టింది. పేపర్లలో, టీ కొట్లలో ఒకటే మాట: కంప్యూటరు విమానం మనకెందుకు? బాబాయి డైరీలో ఆ నెలల్లో ఒక్క ఏ320 కూడా లేదు. మళ్ళీ కనిపించిన రోజు పక్కన "దయ్యం వచ్చింది" అని ఉంది.

విచారణలో తేలింది వేరు. దిగేటప్పుడు విమానం తప్పుడు పద్ధతిలో ఉంది. ఇంజన్లు దాదాపు శక్తి లేకుండా తిరుగుతున్నాయి, వేగం పడిపోయింది, పైలట్లు గమనించేసరికి ఆలస్యమైంది. ఒక మీట బదులు పక్క మీట తిప్పి ఉండొచ్చన్నారు. కంప్యూటరు చెప్పినట్టే చేసింది, చెప్పిందే తప్పు. మనిషి తప్పు అని ఒకే మాటలో తేల్చేయడానికీ నాకు మనసొప్పదు. పొరపాటు అంత తేలిగ్గా జరిగేలా, జరిగాక అంత నిశ్శబ్దంగా ఉండేలా ఆ యంత్రాన్ని ఎవరు తయారుచేశారు అన్నది కూడా ప్రశ్నే.

ఆ ఏ320ల గురించి స్పాటర్లు మాత్రమే ముచ్చటపడే సంగతొకటుంది. మామూలు ఏ320కి రెక్కల కింద ఒక్కోవైపు రెండేసి చక్రాలుంటాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాటికి నాలుగేసి ఉండేవి. మన రన్‌వేలు అంత బరువు ఆగవేమోనని అడిగి అలా చేయించుకున్నారు. ప్రపంచమంతటా స్పాటర్లు వాటి కోసమే ఇండియా వచ్చేవాళ్ళు. బాబాయి వాటిని "ఎనిమిది కాళ్ళది" అని రాసేవాడు. తిడుతూనే లెక్కపెట్టుకున్నాడు. ఇవాళ మన ఆకాశంలో సగం ఆ కుటుంబపు బళ్ళే అన్నట్టుంటుంది. ఇండిగో 2023లో ఒకేసారి 500 ఆర్డరిచ్చింది. అందులో ఎక్కేవాళ్ళలో ఎవరికీ 1990 గుర్తుండదు.

విమానానికి చెడ్డపేరు రావడం, పోవడం ఒక విచిత్రమైన విద్య. డీసీ-10 సంగతి చూడండి. దాని సరుకుల తలుపు సరిగా పడకపోయినా పడ్డట్టు కనిపించేది. 1972 జూన్‌లో కెనడాలోని విండ్సర్ మీద ఒక డీసీ-10కి గాల్లోనే ఆ తలుపు ఊడిపోయింది, అదృష్టం బాగుండి దిగింది. కచ్చితంగా మార్చి తీరాలని అధికారులు ఉత్తర్వు ఇవ్వలేదు, కంపెనీతో పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10కి అదే తలుపు ఊడింది. 346 మంది. 1979 మేలో చికాగోలో ఇంకొకదానికి ఇంజనే ఊడిపోయింది. అప్పటికి జనం టికెట్ కొనేముందు అది డీసీ-10 కాదు కదా అని అడిగే పరిస్థితి వచ్చింది. చికాగోది మరమ్మతులో అడ్డదారి తొక్కడం వల్ల జరిగింది. కానీ జనం లెక్కలో ఒకసారి తప్పుచేసినవాడిదే ప్రతి తప్పూ. 2018 అక్టోబర్‌లో, 2019 మార్చిలో రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలాయి. 189, 157. కలిపితే మళ్ళీ 346. ఈ కూడిక ఎవరు మొదట వేశారో గానీ, వేసినవాడు కచ్చితంగా స్పాటరే అయ్యుంటాడు. బాబాయి అప్పటికి మంచం మీదున్నాడు. నేను టీవీ కట్టేశాను. 737 గురించి ఆ మాట ఆయనకి చెప్పడం నావల్ల కాలేదు.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి 2000 జూలై 17ది.

ఆ రోజు పొద్దున పాట్నాలో అలయన్స్ ఎయిర్ 737-200 దిగబోతూ గర్దనీబాగ్‌లో ప్రభుత్వ క్వార్టర్ల మీద పడింది. కింద ఉన్న అయిదుగురితో కలిపి 60 మంది చనిపోయారు. టీవీలో రోజంతా ఒకటే చర్చ: ఇరవయ్యేళ్ళ పాత విమానం, తుక్కు కింద అమ్మాల్సినవాటిలో జనాన్ని కూచోబెడతారా? ఎప్పుడో సాయంత్రానికి నంబరు చెప్పారు. వీటీ-ఈజీడీ. బాబాయి లేచి లోపలికి పోయి డైరీలన్నీ తెచ్చి నేల మీద పరిచాడు. నాకు పదహారేళ్ళు. ఇద్దరం కూర్చుని వెతికాం. పద్నాలుగుసార్లు ఉంది. 1984లో మొదటిసారి. ఒకచోట "కడిగినట్టున్నారు, మెరుస్తోంది" అని ఉంది. ఒకచోట, నా చేతిరాతలో, వంకర ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆరో ఏట బాబాయి నన్ను భుజాన కూర్చోబెట్టుకుని చదివించి రాయించినది.

అంతసేపూ ఆయన మాట్లాడలేదు. చివర్లో అన్నాడు, "అది పాత బండని నాకు తెలుసు కదే. నేనే రాశాను."

ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి అన్నది ఆ మాటలో లేదు. ఏళ్ళ తరబడి ఎడమ ఇంజను మసి అని రాసుకున్నవాడికి, ఆ రాసుకోవడం ఎవరికీ పనికిరాలేదన్న బాధ వచ్చింది. నాకప్పుడది అర్థం కాలేదు. ఇది మన తప్పెలా అవుతుంది బాబాయ్ అని ఏదో అన్నాను. తర్వాత వచ్చిన విచారణ నివేదిక విమానం వయసుని తప్పుపట్టలేదు. దిగే పద్ధతిని పైలట్లు పాటించలేదని, ఇంజన్ శక్తి తగ్గించి ముక్కు ఎత్తి ఉంచడంతో విమానం గాల్లో పట్టు తప్పిందని తేల్చింది. ఆ పేపర్ కటింగ్ నేనే కత్తిరించి ఆయనకిచ్చాను. డైరీలో పెట్టుకున్నాడు. నమ్మాడని అనుకోను. ఆ జూలై 17 పేజీలో వీటీ-ఈజీడీ అని రాసి ఉంది, పక్కన ఏ మాటా లేదు. దాని తర్వాత నలభై రోజులు ఖాళీ.

2008 మార్చిలో బేగంపేట మూసేశారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది. 22 అర్ధరాత్రి దాకా బాబాయి మేడ మీదే ఉన్నాడు. పిన్ని దుప్పటి తీసుకెళ్ళి ఇచ్చింది. మర్నాడు వంటింట్లో గ్లాసులు కదల్లేదు. "పీడా పోయింది" అంది పిన్ని, అని చాలాసేపు కిటికీలోంచి చూసింది. శంషాబాద్ మా ఇంటికి ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. అక్కడ కంచె దగ్గర నిలబడి చూడ్డం ఆయనకి నచ్చలేదు. పోలీసు భయం ఒకటి, మన మేడ కాదు కదా అన్నది ఇంకొకటి.

ఒక్కసారి మాత్రం వచ్చాడు. 2016 మేలో ఆంటొనోవ్ ఏఎన్-225 శంషాబాద్‌లో దిగింది. ఆరు ఇంజన్లు, ముప్ఫైరెండు చక్రాలు, ప్రపంచంలో అలాంటిది ఒక్కటే ఉంది. పేరు మ్రియా, అంటే కల. దారిలో ఆగి పెర్త్ పోతోంది. కార్లో తీసుకెళ్ళమని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఎండలో రోడ్డు పక్కన మాలాంటివాళ్ళు ఇంకొందరు నిలబడి ఉన్నారు, అందరూ ఫోన్లతో. ఎవరూ ఎవర్నీ దేనికి అని అడగలేదు. బాబాయికి ఆ రోజు అన్నిటికంటే నచ్చింది అదేననుకుంటాను. 2022లో యుద్ధం మొదలైన రోజుల్లో, కీవ్ పక్కన హొస్టోమెల్‌లో, మ్రియా ధ్వంసమైంది. ఆయన 2019లోనే పోయాడు.

అహ్మదాబాద్ ప్రమాదం జరిగిన రాత్రి ఇంటర్నెట్ నిండా స్పాటర్లే. ఆ వీడియోని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూశారు. రెక్కల ఫ్లాప్‌లు వేయడం మర్చిపోయారని కొందరు తీర్పు చెప్పేశారు. ఇంకొందరు సౌండు విని, విమానం కింద గాలికి తిరిగే చిన్న ఫ్యాను బయటికొచ్చిందన్నారు. కరెంటు, హైడ్రాలిక్స్ పోతే ఆదుకోవడానికి బయటికొచ్చేది అది. నెల తర్వాత ప్రాథమిక నివేదిక వచ్చింది. ఫ్లాప్‌లు ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఫ్యాను బయటికొచ్చిన మాట నిజమే. రెండు ఇంజన్లకీ ఇంధనం ఆపే స్విచ్చులు ఒకదాని వెంట ఒకటి, సెకను తేడాతో, ఆగే వైపుకి పోయాయి. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగాడు, నేను కాదని ఇంకొకరన్నారు. చెవిన పడింది నిజమైంది, ఊహించి చెప్పింది తప్పైంది. ఎప్పటిలాగే.

విమానం నంబరు వీటీ-ఏఎన్‌బీ. ఆ రాత్రి అది తెలియగానే నేను లేచి బీరువా తీశాను. బోయింగ్ 787 మన దేశానికి వచ్చేనాటికే బేగంపేట మూతపడింది, ఆ డైరీల్లో ఉండే అవకాశమే లేదని నాకు బాగా తెలుసు. అయినా పదకొండు డైరీలూ నేల మీద పరిచి, 1980 నుంచి పేజీ పేజీ వెతికాను. తెల్లవారుతుండగా మా అబ్బాయి లేచొచ్చి, ఏం చేస్తున్నావమ్మా అన్నాడు. నంబరు వెతుకుతున్నానన్నాను.

"దేనికి?" అన్నాడు.